గడ్డి మిషన్ గొంతు మూసుకుపోకుండా: టూటీ ఆయిల్ ఎంచుకోవడం, పొగ దారిలో మసి తీయడం

మాఘం దాటేసరికి మా పర్లాకిమిడి చుట్టుపక్కల జీడితోటల్లో పూత నిండుతుంది. పిక్క రాలడం మొదలయ్యేలోపు చెట్ల కింద గడ్డి, తుప్పలు కొట్టి నేల శుభ్రం చేసుకోవాలి. లేదంటే రాలిన పిక్క కంటికి ఆనదు, ఏరేవాళ్ళకి పాములూ తేళ్ళ భయం కూడా. సరిగ్గా ఆ రోజుల్లోనే గడ్డి మిషన్లు (బ్రష్ కట్టర్లు) మొరాయిస్తాయి. తాడు లాగితే స్టార్టవుతుంది, ఐడిల్‌లో బాగానే తిరుగుతుంది, బ్లేడు గడ్డికి ఆనగానే గొంతు పడిపోతుంది. కార్బ్యురేటర్ పోయిందనో, పిస్టన్ అరిగిందనో అనుకుని మనం సంత రోజు దాకా ఆగి, మిషన్ భుజాన వేసుకుని టౌన్‌కి మోస్తాం.

నేను విప్పిన మిషన్లలో ఎక్కువవాటికి ఆ జబ్బేమీ లేదు. పొగ బయటికి వెళ్ళే దారిలో మసి పేరుకుని ఉంది, అంతే. ఆ మసి ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతుక్కుంటూ వెళ్తే, పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) సీసా దగ్గర తేలుతుంది. అందుకే ఈ రెంటినీ కలిపి చెబుతున్నాను. ఒకటి చేసి రెండోది వదిలేస్తే నెల తిరక్కుండా మళ్ళీ అదే గొడవ.

ముందు మీ మిషన్ ఏదో తేల్చుకోండి

భుజానికి తగిలించుకునే గడ్డి మిషన్లన్నీ టూ స్ట్రోక్, అంటే పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసే రకం, కావు. ఇంజిన్‌కి పెట్రోల్ మూత కాకుండా ఆయిల్ కోసం విడిగా ఇంకో మూత ఉంటే అది ఫోర్ స్ట్రోక్. హోండా జీఎక్స్35 ఇంజిన్ పెట్టినవి అలాంటివే. వాటిలో పెట్రోల్‌లో ఆయిల్ కలపకూడదు. ఒకే మూత ఉండి, దాని మీద పెట్రోల్ బొమ్మ పక్కన ఆయిల్ చుక్క బొమ్మో, 1:25, 1:50 లాంటి అంకెలో ఉంటే కలిపి పోయాల్సిందే. స్టిల్ కంపెనీ 4-మిక్స్ ఇంజిన్ మాత్రం పేరుకి ఫోర్ స్ట్రోక్ అయినా కలిపిన పెట్రోల్‌తోనే నడుస్తుంది. కాబట్టి పక్కింటివాళ్ళ మాట కన్నా మూత మీద రాసిందే నమ్మండి.

తైవాన్ స్ప్రేయర్లు, రంపం మిషన్లు, పాత లూనాలు, పాత టీవీఎస్ ఎక్సెల్ బళ్ళు, చేతక్ స్కూటర్లు కూడా కలిపి పోసే జాతే. యమహా ఆర్‌ఎక్స్100 బైకు ఉన్నవాళ్ళకి వేరే లెక్క: దానికి ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది, పంపు తనే కొలిచి పోస్తుంది. ఆ పంపు పనిచేస్తుంటే పెట్రోల్‌లో మళ్ళీ కలిపారంటే రెట్టింపు మసి.

ఆయిల్ ఎందుకు కలపాలో ఒక్కసారి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి అడుగున ఆయిల్ నిలిచే చోటు లేదు. పెట్రోల్‌తో పాటు వచ్చిన ఆయిలే క్రాంక్ బేరింగులకీ, పిస్టన్‌కీ, రింగులకీ జిడ్డు పూయాలి. ఆ పని అయ్యాక పెట్రోల్‌తో కలిసి కాలి, పొగై బయటికి పోవాలి. అంటే దానికి రెండు పనులు: బతికి ఉన్నంతసేపూ రాపిడి ఆపడం, చచ్చేటప్పుడు బూడిద మిగల్చకుండా పోవడం. రెండోది చేతకాని ఆయిలే మన మిషన్ గొంతు మూస్తుంది.

కొట్లో ఏం అడగాలి, డబ్బా మీద ఏం చూడాలి

మా వైపు ఒడియా కొట్లో "మొబిల్" అని అడిగితే ఏదో ఒక ఇంజిన్ ఆయిల్ ఇస్తారు. ఇక్కడ ఇంజిన్‌లో పోసే ఆయిలంతా మొబిలే. చాలాసార్లు చేతికొచ్చేది మోటార్‌సైకిల్‌కి పోసే ఫోర్ స్ట్రోక్ ఆయిల్. మా మొదటి మిషన్ అలాగే పోయింది. నేను ఊళ్ళో లేనప్పుడు పనివాళ్ళు మొబిల్ తెమ్మంటే కుర్రాడు అదే తెచ్చాడు, అదే కలిపారు. ఫోర్ స్ట్రోక్ ఆయిల్‌లో కాల్షియం, జింకు లాంటి లోహపు మందులు ఉంటాయి. ఇంజిన్ అడుగున నిలిచి పనిచేసేటప్పుడు అవి మేలే చేస్తాయి. కాల్చినప్పుడు మాత్రం గట్టి బూడిదై ప్లగ్గు మొన మీద, రింగుల గాడిలో, పొగ దారిలో కూర్చుంటాయి. మా మిషన్ రింగు గాడిలో అతుక్కుపోయి సిలిండర్ గీసుకుపోయింది. అందుకే కొట్లో "టూటీ ఆయిల్" అని స్పష్టంగా అడగండి. డబ్బా చేతికి తీసుకుని వెనకవైపు చదవండి.

వెనక చూడాల్సింది జాసో గుర్తు. జపాన్ వాళ్ళు పెట్టిన ఈ కొలతలో ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అనే మెట్లు ఉన్నాయి. ఆయిల్ రాపిడి ఎంత ఆపుతుంది, పిస్టన్‌ని ఎంత శుభ్రంగా ఉంచుతుంది, ఎంత పొగ ఇస్తుంది, పొగ దారిని ఎంత మూస్తుంది అని నాలుగు పరీక్షలు పెట్టి ఈ మెట్లు ఇస్తారు. నాలుగో పరీక్ష అచ్చంగా మన జబ్బు గురించిందే. ఎఫ్‌బీ పాతకాలం మెట్టు. ఎఫ్‌సీ అంటే పొగ తక్కువ. ఎఫ్‌డీకి పొగ తక్కువదనం ఎఫ్‌సీ అంతే ఉంటుంది కానీ, వేడిలో పిస్టన్‌ని శుభ్రంగా ఉంచే గుణం ఎక్కువ. అదే వరసలో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) వాళ్ళ ఈజీబీ, ఈజీసీ, ఈజీడీ ఉంటాయి. అమెరికా వాళ్ళ గుర్తు ఏపీఐ టీసీ ఒక్కటే రాసి ఉంటే పనికొస్తుంది గానీ, పొగ సంగతి ఆ గుర్తు చెప్పదు.

నా మాట అడిగితే గడ్డి మిషన్‌కి, స్ప్రేయర్‌కి, రంపానికి ఎఫ్‌డీ కొనండి. సెమీ సింథటిక్ అయినా చాలు. డబ్బాకి కొంత ఎక్కువ పడుతుంది నిజమే. కానీ లీటరు పెట్రోల్‌కి వాడేది 20 మి.లీ., అంటే ఒక లీటరు డబ్బా 50 లీటర్ల పెట్రోల్‌కి వస్తుంది. చిన్న రైతుకి ఏడాది దాటి వస్తుంది. ఎఫ్‌డీ దొరక్కపోతే ఎఫ్‌సీ. అంతకన్నా కిందికి దిగకండి.

తీరం వైపు, గోపాల్‌పూర్‌లో మన తెలుగు గంగపుత్రుల దగ్గర బోటు ఇంజిన్ ఆయిల్ దొరుకుతుంది. చుట్టాలెవరో ఇచ్చారని అది తెచ్చి పోసేవాళ్ళని చూశాను. దాని మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉంటుంది. అది మంచి ఆయిలే, బూడిద ఉండదు. అయితే ఆ ఇంజిన్ నీళ్ళతో చల్లబడుతుంది. మన మిషన్ గాలితో చల్లబడుతూ, ఎండలో మండుతూ తిరుగుతుంది. ఆ వేడి కోసం చేసిన ఆయిల్ కాదది.

ఆముదం గురించి కూడా అడుగుతుంటారు. పాతరోజుల్లో రేసు బళ్ళకి ఆముదం పోసేవారన్నది నిజం, క్యాస్ట్రోల్ కంపెనీ పేరు వచ్చింది కూడా క్యాస్టర్ అనే ఆముదం మాట నుంచే. జిడ్డుగా అది గొప్పదే. కాలాక మాత్రం లక్కలాంటి పొర మిగులుస్తుంది. రేసువాళ్ళు ప్రతి పోటీకీ ఇంజిన్ విప్పుకుంటారు, మనం అలా విప్పుకోలేం. వద్దు.

ఆయిల్ నీలంగా, ఎర్రగా, పచ్చగా ఉండటం వట్టి రంగు. పెట్రోల్‌లో ఆయిల్ కలిపారో లేదో కంటికి తెలియడానికి వేస్తారు. రంగు చూసి నాణ్యత లెక్కకట్టకండి. డ్రమ్ము నుంచి లూజుగా పోసి ఇచ్చేది కొనకండి. సీలు ఉన్న డబ్బా, దాని మీద తయారీ తేదీ చూసుకుని తీసుకోండి.

కలపడం

మనవాళ్ళు చేసే పెద్ద తప్పు ఇక్కడే. లూనా రోజుల్లో లీటరుకి ఇంత అని చేతికి పట్టిన అలవాటు ఇప్పటికీ పోలేదు. "మిషన్ మంచికేగా, ఇంకాస్త పడనీ" అని ఇంకో మూత వంచుతారు. కాలలేని ఆ మిగులంతా మసే. పైగా ఆయిల్ ఎక్కువైన కొద్దీ అదే బొట్టులో పెట్రోల్ తగ్గుతుంది, మంట కాస్త బీదబడుతుంది. అంటే మంచికని పోసింది రెండు వైపులా చెడే చేస్తుంది.

లెక్క తేలిక. లీటరు పెట్రోల్‌కి 1:50 అంటే 20 మి.లీ. ఆయిల్, 1:40 అంటే 25, 1:25 అంటే 40. మూత మీదో, పుస్తకంలోనో ఏది ఉంటే అదే. కొన్ని స్టిల్ పుస్తకాల్లో కంపెనీ సొంత ఆయిల్‌కి 1:50, బయటి టీసీ ఆయిల్‌కి 1:25 అని రెండూ ఉంటాయి. రెండంకెలూ చూసి తికమక పడకండి, మీరు కొన్న ఆయిల్ ఏదో దానికి ఎదురుగా ఉన్నది పాటించండి. స్టిక్కరు చిరిగిపోయి, పుస్తకం చెదలు తినేసి ఏ ఆధారమూ లేకపోతే ఎఫ్‌డీ ఆయిల్‌తో లీటరుకి 25 మి.లీ. దగ్గర ఆగమని నా సలహా.

కొలవడానికి మందుల షాపులో 20 మి.లీ. సిరంజి కొని సూది తీసేయండి. సీసా మూతలతో, కంటి అంచనాతో కొలిచింది ఏ రోజుకా రోజు మారుతుంది. పెట్రోల్ డబ్బాలో ముందు సగం పెట్రోల్, దాని మీద కొలిచిన ఆయిల్ మొత్తం పోసి బాగా కుదపండి. తర్వాత మిగతా సగం పోసి మళ్ళీ కుదపండి. మిషన్ ట్యాంకులోనే ఆయిల్, పెట్రోల్ విడివిడిగా పోసి ఊపితే సరిగ్గా కలవదు. నీళ్ళ సీసాలు వాడకండి, పెట్రోల్ కోసం చేసిన గట్టి డబ్బా తీసుకోండి. ప్రతిసారీ ట్యాంకులో పోసే ముందు డబ్బాని నాలుగుసార్లు కుదపడం మరిచిపోకండి.

ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కి గాలిలో తేమని తాగే గుణం ఉంది. మా వంశధార లోయలో వానాకాలం తేమ సంగతి చెప్పక్కర్లేదు. నీరు ఎక్కువైతే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి డబ్బా అడుగుకి దిగుతాయి. ఆయిల్ పైన పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. ట్యాంకులో పీల్చే గొట్టం ఉండేది అడుగునే. అంటే ఇంజిన్ ముందు తాగేది ఆయిల్ లేని నీళ్ళ ఇథనాల్! బాగా నడుస్తున్న మిషన్ ఉన్నట్టుండి పట్టేసిందంటే ఒకసారి ట్యాంకు అడుగు చూడండి.

కాబట్టి వారానికి సరిపడా మాత్రమే కలపండి. నెల దాటిన మిశ్రమాన్ని మిషన్‌లో పోయకండి. అనుమానంగా ఉంటే గాజు సీసాలో పోసి అరగంట కదపకుండా ఉంచి చూడండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ పెట్రోల్ పనికిరాదు.

పొగ దారి విప్పడం

సైలెన్సర్ నోటి దగ్గర చాలా మిషన్లకి చిన్న ఇనుప జాలీ ఉంటుంది. మొదట మూసుకునేది అదే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ప్లగ్గు క్యాప్ పీకి పక్కకి కట్టేయండి. సైలెన్సర్ మీది రేకు కవరు విప్పి, ఒకటో రెండో స్క్రూలు తీస్తే జాలీ చేతికొస్తుంది. దాన్ని వెలుతురుకి పెట్టి చూడండి. కళ్ళన్నీ కనిపించాలి. నల్లగా అట్టకట్టి ఉంటే మీ మిషన్ జబ్బు దొరికినట్టే.

పట్టకారుతో పట్టుకుని ఆరుబయట, పెట్రోల్‌కి దూరంగా మంట మీద ఎర్రగా కాల్చండి. మసి బూడిదై రాలుతుంది. చల్లారాక తట్టి, ఇత్తడి బ్రష్షుతో రుద్దితే కొత్తదానిలా అవుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొన్ని షెడ్లలో ఈ జాలీని తీసి పారేసి, "ఇక మీకు గొడవే ఉండదు" అంటారు. మిషన్ కూడా బాగానే లాగుతుంది. కానీ ఆ జాలీ పెట్టింది నిప్పురవ్వలు బయటికి పోకుండా. ఫాల్గుణంలో జీడితోట కింద మోకాలి దాకా ఎండాకు ఉంటుంది, దాని పక్కనే కొండవాలు అడవి. ఒక్క రవ్వ చాలు, ఇరవయ్యేళ్ళ చెట్లు పోతాయి. పక్కవాళ్ళ తోట కూడా పోతుంది. జాలీ చిరిగితే కొత్తది వేయించండి. లేకుండా మాత్రం తోటలోకి దిగకండి.

జాలీ శుభ్రంగా ఉన్నా ఇంజిన్ లాగకపోతే సైలెన్సర్ ఊడదీయాలి. రెండు మూడు బోల్టులు విప్పితే వస్తుంది. మధ్యలో ఉన్న గ్యాస్కెట్ (సందు మూసే పలచటి పట్టీ) చిరగకుండా తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు సిలిండర్ పక్కన పొగ వచ్చే కంత కనిపిస్తుంది. స్టార్టర్ తాడుని నెమ్మదిగా లాగుతూ, ఆ కంతని పిస్టన్ పక్కభాగం పూర్తిగా మూసేదాకా తెచ్చి ఆపండి. ఇలా చేస్తేనే గీకిన మసి సిలిండర్ లోపలికి పడదు.

గీకడానికి ఇనుప స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. పిస్టన్ అల్యూమినియంది, ఒక్క గీత పడినా ఆ గీత దగ్గర్నుంచే చెడుతుంది. వెదురు పుల్ల ఒకవైపు ఉలిలా చెక్కుకోండి, ఐస్‌క్రీం పుల్లయినా సరే. కంత గోడల మీది మసిని ఓపిగ్గా గీకండి. గట్టిగా ఉంటే గుడ్డ మీద కాస్త కార్బ్యురేటర్ క్లీనర్ చల్లి అద్ది, పది నిమిషాలు నాననివ్వండి. అయ్యాక కంత నేలవైపు ఉండేలా మిషన్ని వంచి, ప్లగ్గు తీసి, తాడు నాలుగైదుసార్లు లాగితే మిగిలిన పొడి గాలితో బయటికి వస్తుంది.

కంత తెరిచి ఉన్నప్పుడే లోపల పిస్టన్‌ని టార్చ్ వేసి చూడండి. నున్నగా, సన్నటి గోధుమరంగు చారలతో ఉంటే బాగున్నట్టు. నిలువుగా గీతలు ఉంటే ఆయిల్ తక్కువైందో, దుమ్ము లోపలికి పోయిందో. అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

సైలెన్సర్ డొల్లలోని మసి కోసం నేను దాన్ని కట్టెల నిప్పుల్లో పెట్టి పొగ రావడం ఆగేదాకా ఉంచుతాను. రంగు పోతుంది, మసీ పోతుంది. మీ సైలెన్సర్‌లో పొగని శుద్ధి చేసే, తేనెపట్టులాంటి కెటలిటిక్ గూడు ఉంటే మాత్రం నిప్పుల్లో పెట్టకండి. ఆర్‌ఎక్స్100 సైలెన్సర్‌కి తోక దగ్గర బోల్టు విప్పితే లోపలి బాఫిల్ గొట్టం బయటికి వస్తుంది, దాన్నీ అలాగే కాల్చి తట్టొచ్చు. కాస్టిక్ సోడా వాడేవాళ్ళు ఇనుముకే వాడండి, అల్యూమినియం భాగాలని అది తినేస్తుంది. నీళ్ళలోకి సోడా వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు. కళ్ళద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి.

తిరిగి బిగించేటప్పుడు గ్యాస్కెట్ చిరిగి ఉంటే కొత్తది వేయండి. పది నిమిషాలు నడిపి, చల్లారాక బోల్టులు మరోసారి బిగించండి. మొదటి వేడికి అవి తప్పకుండా వదులవుతాయి.

మంచులో కూడా ఇదే మసి

మా వైపు కుర్రాళ్ళు ఎక్కువగా ఆర్మీకి వెళ్తారు. మా పెద్దమ్మ కొడుకు కశ్మీరులో ఉన్నప్పుడు ఫోన్‌లో, "అన్నయ్యా, మీ గడ్డి మిషన్ గొడవే ఇక్కడ మంచు స్కూటర్లకీ ఉంది" అన్నాడు. అప్పటిదాకా వాటి సంగతి నాకు తెలియదు. తర్వాత తెలుసుకున్న కొద్దీ మన మిషన్ నాకు ఇంకా బాగా అర్థమైంది.

టూ స్ట్రోక్ మంచు స్కూటర్లలో (స్నోమొబైల్స్) చాలావాటికి పొగ కంత పైభాగంలో అటూ ఇటూ జరిగే పలకలాంటి ఎగ్జాస్ట్ వాల్వ్ ఉంటుంది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు అది కిందికి దిగి కంత ఎత్తు తగ్గిస్తుంది, లాగే బలం పెరుగుతుంది. వేగం పెరిగితే పైకి లేచి కంత పూర్తిగా తెరుస్తుంది. రోటాక్స్ కంపెనీ ఇంజిన్లలో దీన్ని రేవ్ అంటారు. పాత రకాల్లో పొగ ఒత్తిడే ఒక రబ్బరు తిత్తిని ఉబ్బించి, స్ప్రింగుకి ఎదురుగా పలకని లేపుతుంది. నాసి ఆయిల్ పోసినా, ఎక్కువ పోసినా, చాలాసేపు నెమ్మదిగా నడిపినా ఆ పలక మసితో అతుక్కుపోతుంది. కిందే అతుక్కుంటే పై వేగం అందదు, పైన అతుక్కుంటే మొదట్లో లాగదు. వాళ్ళు సీజనుకి ఒకసారైనా కవరు విప్పి, పలక ఏ ముఖం పైకి ఉందో గుర్తు పెట్టుకుని బయటికి తీస్తారు. క్లీనర్‌తో, నైలాన్ పీచుతో రుద్ది, తిత్తికి చిల్లు ఉందేమో చూసి, వేలితో తోస్తే అడ్డు లేకుండా జారేలా మళ్ళీ పెడతారు. చలిలో చిక్కబడిపోని సింథటిక్ ఆయిల్ వాడతారు, లేకపోతే అది పంపు దాకా పారదు.

మన మిషన్‌కి ఆ పలక లేదు, ఆ చలీ లేదు. కంత, ఆయిల్, మసి మాత్రం ఒకటే. నెమ్మదిగా నడిపితే మసి పడుతుందన్నది మాత్రం నేను వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. గడ్డి మిషన్ని సగం యాక్సిలరేటర్‌తో గంటలు గంటలు నడపకండి. కొట్టేటప్పుడు పూర్తిగా ఇవ్వండి, మాట్లాడుకునేటప్పుడు ఆపేయండి. ఐడిల్‌లో వదిలేసి బీడీ తాగే పదిహేను నిమిషాల్లో కాలని ఆయిలంతా జాలీ మీదే కూర్చుంటుంది. పైగా పెట్రోల్ పక్కన బీడీ ఏంటి?

ఎప్పుడెప్పుడు

పని చేసిన ప్రతి సాయంత్రం గాలి ఫిల్టర్ స్పాంజి దులపండి. దుమ్ము పట్టిన ఫిల్టర్ గాలి ఆపేస్తే పెట్రోల్ ఎక్కువై మళ్ళీ మసే. వారానికోసారి ప్లగ్గు తీసి చూడండి. మొన లేత గోధుమ రంగులో ఉంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టు. నల్లగా, తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువైనట్టు లేదా ఫిల్టర్ మూసుకున్నట్టు. తెల్లగా కాలి ఉంటే మిషన్ ఆపేయండి, ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతోంది లేదా పెట్రోల్ తగ్గింది. జాలీ శుభ్రం చేశాక పొగ దారి తెరుచుకుంటుంది కాబట్టి ప్లగ్గు రంగు కాస్త లేతబడుతుంది. ఆ మర్నాడు తప్పకుండా ఒకసారి చూసుకోండి. జాలీని పని రోజుల్లో నెలకోసారి, కంతని ఏడాదికోసారి విప్పితే చాలు. ఎఫ్‌డీ ఆయిల్ మొదలెట్టాక నా మిషన్ కంతలో గీకడానికి పెద్దగా ఏమీ దొరకడం లేదు, అయినా విప్పి చూస్తాను.

పిక్కల పని అయిపోయి, వానలు పడేలోపు ట్యాంకులో మిగిలిన మిశ్రమం తీసేయండి. ఖాళీ ట్యాంకుతోనే ఇంజిన్ స్టార్ట్ చేసి, కార్బ్యురేటర్‌లో ఉన్నది కూడా అయిపోయి తనే ఆగేదాకా తిప్పండి. ప్లగ్గు తీసి, ప్లగ్గు ఉండే రంధ్రంలో అర చెంచా టూటీ ఆయిల్ పోసి, తాడు రెండుసార్లు నెమ్మదిగా లాగి, ప్లగ్గు బిగించి, సైలెన్సర్ నోటికి గుడ్డ కట్టి అటక మీద పెట్టండి. కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టేది ఆ నోట్లోనే. మళ్ళీ సీజను మొదట్లో ఆ గుడ్డ విప్పాకే తాడు లాగండి.